పొగలో పద్యం

ఒక్కో యాష్‌ట్రేలో కాసిన్ని నీళ్లు చిలకరిస్తూ సుబ్బరాయుడు బల్లల వరస వెంట నడుస్తున్నాడు. నీళ్లు లేకపోతే ఫ్యాను గాలికి బూడిద లేచి వేయించిన పల్లీల మీద పడుతుంది. ఎక్కువైతే సిగరెట్టు పీకలు నాని కంపు కొడతాయి. అడుగు తడిసీ తడవనట్టుండాలి. రాత్రి కడిగి బోర్లించినవే అయినా వాటిలోంచి ఏదో పాత చేదు లేస్తూనే ఉంటుంది. అందుకని ఆ పని అయ్యేదాకా అతను పెదవుల సందులోంచి పొదుపుగా గాలి తీసుకుంటాడు.

నందిగామ పాత హైవే పక్కనున్న ఆ చంద్రిక బారులో అతనే అందరికంటే పాత సర్వరు. మనిషి పొడగరి. ఒకప్పుడు రాజు వేషానికి భుజకీర్తులు కడితే ఆ భుజాల మీద అవి కదలకుండా నిలబడేవి. ఇప్పుడు అదే భుజాల మీద మెరూన్ రంగు యూనిఫాం కోటు కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. ఛాతీ లోపలికి పోయింది. మెడ నరాలు తాళ్లలా పైకి తేలాయి. జుట్టు మాత్రం ఇప్పటికీ మెడ మీదికి దిగేలా పెంచుతాడు. నెలకోసారి భార్య పుల్లమ్మ దానికి రంగు వేసిపెడుతుంది. ట్రే పట్టుకుని నడిచేటప్పుడు కూడా ముందు మడమ ఆనించి, ఆ తర్వాత వేళ్లు దించుతాడు, సభలోకి ప్రవేశించే రాజులాగా. కొత్తగా వచ్చిన కస్టమర్లు చూసి నవ్వుకుంటారు. పాతవాళ్లు అలవాటుపడ్డారు.

ఏసీ పెట్టిన ఏడాదే ఆ హాలు కిటికీలు మేకులతో బిగించి అద్దాలకు నల్ల కాగితం అంటించేశారు. లేత నీలం గోడలు పొగకు మాగి మాగి మరిగిన టీ రంగుకు తిరిగాయి. వాటి మధ్యన, ఎవరూ కన్నెత్తి చూడని ఎత్తులో, ‘పొగ త్రాగరాదు’ అన్న బోర్డు ఉంది. దాని తెల్లరంగు కూడా మాగిపోయింది.

ఆ ఉదయం జగ్గయ్యపేటలో బస్సెక్కబోతుంటే పుల్లమ్మ క్యారేజీ చేతికిచ్చి, వెంటనే చెయ్యి వదల్లేదు.

"ఇవాళ మీ ఓనరు అందర్నీ కూర్చోబెట్టి అడుగుతాడన్నావుగా, సిగరెట్లు ఆపించాలా వద్దా అని. నిన్నడిగితే నోరు తెరిచి చెప్పు. నాకు ఆయాసంగా ఉంటంది బాబూ, ఆపించండి అని చెప్పు."

"చెప్తాలే."

"చెప్తాలే కాదు. ఊరంతా వినపడేట్టు పద్యం చెప్పినోడివి. ఒక్క మాట చెప్పలేవా?"

అతను చెయ్యి విడిపించుకుని బస్సెక్కాడు. కిటికీ పక్క సీటు దొరికితే చాలు, అద్దం పూర్తిగా తెరుచుకుంటాడు. కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు కొడితే పక్కవాళ్లు తుమ్ముతారు గానీ, అతను మాత్రం మొహం ఆ గాలికే పెట్టి కూర్చుంటాడు. రోజంతటికీ సరిపడా గాలి ఆ దారిలోనే దాచుకోవాలన్నట్టుగా.

పోయిన చలికాలం పుల్లమ్మ పోరు పడలేక డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, "రోజుకెన్ని కాలుస్తావు?" అన్నాడు.

"కాల్చనండి."

"ఎప్పుడు మానేశావు?"

"ఎప్పుడూ ముట్టుకోలేదండి."

డాక్టరు నమ్మలేదు. కళ్లద్దాల పైనుంచి ఒక చూపు చూసి మందులు రాశాడు. పుల్లమ్మకు ఒళ్లు మండింది. "గొంతు పాడవుద్దని వక్కపలుకు కూడా నోట్లో వేసుకోడండీ ఈయన!" అంది. ఆ గొంతు ఎందుకు కాపాడుకున్నాడో డాక్టరుకు తెలియదు. అడగనూలేదు.

రెడ్డిగూడెం దగ్గర మామిడి తోటల్లో కాపలా ఉండేవాడు సుబ్బరాయుడి తండ్రి. కోతుల్ని అదిలించడానికి కేకలు పెట్టడం చిన్నప్పుడు సుబ్బరాయుడి వంతు. వట్టి కేక పెట్టడం విసుగనిపించి దానికొక రాగం కలిపేవాడు. తోట ఈ కొస నుంచి ఆ కొసకు పోయేది ఆ గొంతు. ఒక వేసవిలో ఆ దారిన సైకిలు మీద పోతున్న ఫ్రాన్సిస్ మాస్టారు ఆ కేక విని కాలు నేలకు ఆనించి ఆగిపోయాడు. ఆదివారం పొద్దున చర్చిలో, మిగతా రాత్రుళ్లు నాటకాల్లో హార్మోనియం వాయించే మనిషి. "ఒరేయ్, ఇంకోసారి అరవరా," అన్నాడు. సుబ్బరాయుడు అరిచాడు. ఆ నెలలోనే మాస్టారు అతన్ని తమ నాటక సమాజంలో చేర్చాడు.

ఆ తర్వాత కొన్నేళ్లు ఎలా గడిచాయో అతనికి ఇప్పటికీ నమ్మకం కుదరదు. తిరునాళ్లలో, జాతర్లలో, కొత్తగా ఊడ్చిన కళ్లాల్లో, కట్టీ కట్టని తెరల వెనక మొహానికి రంగేసుకుని నిలబడటం. హార్మోనియం శ్రుతి పట్టగానే వీపు దానంతటదే నిటారుగా కావడం. పద్యం చివర రాగం అందుకుంటే ఊరవతల చెరుకు బండి మీద పోయేవాడు కూడా ఎడ్లను ఆపేవాడట. జనం వన్స్‌మోర్ అన్నప్పుడల్లా అతను ముందు మాస్టారి వైపు చూసేవాడు. మాస్టారు కనుబొమ్మ ఎగరేస్తేనే మళ్లీ ఎత్తుకునేవాడు.

తర్వాత రికార్డింగ్ డాన్సులొచ్చాయి. ఇంటింటికీ టీవీలొచ్చాయి. సమాజం ఆస్తి అంతా ఎవరి ఇంట్లోనో అటక మీదికెక్కింది. వచ్చే సీజను దాకా అనుకుని సుబ్బరాయుడు చంద్రిక బారులో ట్రే పట్టాడు. ఆ సీజను రానేలేదు. ముందు పై స్థాయి పోయింది. ఇంట్లో దొడ్డివైపు నిలబడి ఎత్తుకుంటే, ఎక్కాల్సిన చోటికి ఎక్కబోయి, గొంతు మెట్టు తప్పినట్టు జారింది. జలుబేమో అనుకున్నాడు. ఆ జలుబు తగ్గలేదు. కొన్నాళ్లకు మధ్య స్థాయిలో జీర పడింది. ఇప్పుడు గట్టిగా రెండు మాటలు మాట్లాడితే మూడో మాటకు గాలి వెతుక్కోవాలి.

మధ్యాహ్నం భోజనాల రద్దీ సద్దుమణిగాక, ఎప్పటిలాగే, ఫ్రాన్సిస్ మాస్టారు తలుపు తోసుకుని వచ్చాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, సోడాబుడ్డి కళ్లద్దాలు. గోడ పట్టుకుని నడుస్తాడు. భార్య పోయాక చర్చి వెనక ఒక గదిలో ఒక్కడే ఉంటున్నాడు. కుడిచేతి వేళ్లు గోళ్ల దాకా పసుపు ముద్దలో ముంచి తీసినట్టుంటాయి. మూల బల్ల ఆయనది. సుబ్బరాయుడు అడక్కుండానే బ్రాందీ, సోడా, నిమ్మచెక్కలు తెచ్చిపెడతాడు. ఆయన ఒక సిగరెట్టు పీకతోనే ఇంకోటి అంటించుకుంటాడు.

గ్లాసు సగమయ్యాక అసలు సంగతి మొదలవుతుంది. మాస్టారి వేళ్లు బల్ల అంచు మీదికి చేరతాయి. సన్మైకా మీద వేళ్ల చప్పుడు, అంతే. వేరేవాళ్లు చూస్తే ముసలాయనకు చేతి వణుకనుకుంటారు. కానీ ఏ వేలు ఎక్కడ పడుతోందో చూసి సుబ్బరాయుడికి అది మోహన రాగమో, కల్యాణో, ఏ పద్యం ఎత్తుగడో తెలిసిపోతుంది. ట్రే చంకలో పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడతాడు. పెదవులు కదలవు. గొంతులోపల, ఎవరికీ వినపడని చోట, పద్యం ఎత్తుకుంటాడు. అక్కడింకా పై స్థాయి ఉంది. అక్కడ ఆయాసం లేదు. రాగం తీసి దిగివచ్చేసరికి మాస్టారి వేళ్లు కూడా సరిగ్గా అక్కడికే వచ్చి ఆగుతాయి. మాస్టారు తల పంకిస్తాడు. సుబ్బరాయుడు వెళ్లి ఇంకో బల్లకు సోడా ఇస్తాడు.

అతనికి ఒకప్పుడు గొంతుండేదని తెలిసిన మనిషి ఈ నందిగామలో ఇంకొకడు లేడు. పుల్లమ్మకు తెలుసు. కానీ పుల్లమ్మ దాన్ని పోయినవాళ్ల గురించి మాట్లాడినట్టు మాట్లాడుతుంది.

ఆ రోజు మాస్టారి గ్లాసు సగం కాకముందే ఓనరు వీరేంద్ర కౌంటరు వదిలి హాలు మధ్యకు వచ్చాడు. తండ్రి చేతి నుంచి ఈ మధ్యనే బారు చేతికొచ్చిన కుర్రవాడు. నెమ్మదస్తుడు. పనివాళ్లను బాబాయ్ అనో అన్నా అనో పిలుస్తాడు.

"అందరూ రోజూ వచ్చేవాళ్లే కాబట్టి అడుగుతున్నానండి. మొన్న ఆఫీసర్లొచ్చి ఫైను వేసి పోయారు. బోర్డు పెట్టుకుని మరీ కాల్పిస్తున్నారేంటన్నారు. ఫైను సంగతి అటుంచండి. ఫ్యామిలీలు గుమ్మం దాకా వచ్చి వాసనకు వెనక్కి పోతున్నారు. హాల్లో సిగరెట్లు పూర్తిగా ఆపేద్దామనుకుంటున్నా. ఏమంటారు?"

మిర్చి వ్యాపారం చేసే కృష్ణయ్య చేపముక్కలో ముల్లు తగిలినట్టు మొహం పెట్టాడు. "బారుకొచ్చి సిగరెట్టు కాల్చొద్దంటే ఎట్లా వీరేంద్రా? ఉప్పు లేని పులుసు పోసి తాగమన్నట్టుంది. ఇంట్లో ఆడాళ్లు కాల్చనివ్వరు, యార్డులో నిప్పని కాల్చనివ్వరు. ఇక్కడ గూడా వద్దంటే మేం ఏ చెట్టెక్కాలి?"

"బయట వరండా ఉందిగదండీ."

"మే నెల్లో నందిగామ ఎండలో వరండానా? కాల్చేదాకా ఎందుకు, నేనే కాలిపోతా."

అందరూ నవ్వారు. గోడవైపు బల్ల దగ్గర కూర్చున్న ప్లీడరు గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "చట్టం ఎప్పట్నుంచో ఉందండి. పాటించకపోబట్టి లేనట్టు కనపడుతుంది. అయినా కాల్చేవాడి సరదా కాల్చేవాడిది, పక్కన కూర్చున్నవాడేం పాపం చేశాడు? నా చొక్కా వాసన చూసి మా ఆవిడ రోజూ నన్నే తిడుతుంది."

"చొక్కా మార్చుకోవయ్యా, బారు మార్చమంటావేంటి?" అన్నాడు కృష్ణయ్య.

మాటకు మాట పెరిగింది. బేరాలు పడిపోతాయని ఒకరు, పెరుగుతాయని ఒకరు. తాగడం మాత్రం మంచిదా, దాన్నీ ఆపమనండని ఇంకొకరు. తాగితే తాగినవాడి లివరే పోతుంది గానీ పక్కవాడిది పోదుగా అని గుమాస్తా. మాస్టారు మాత్రం పొగ వదులుతూ దానివైపే చూస్తున్నాడు.

వీరేంద్ర చెయ్యెత్తి అందర్నీ ఆపి, గోడ దగ్గర నిలబడ్డ సుబ్బరాయుడి వైపు తిరిగాడు.

"మనందరం కాసేపు కూర్చుని లేచిపోయేవాళ్లం. పొద్దున్నుంచి ఈ పొగలో నిలబడేది బాబాయే. మీరు చెప్పండి బాబాయ్. మీరు ఆపమంటే ఆపేస్తా. మొహమాటం వద్దు."

హాలంతా అతనివైపు తిరిగింది. ఇంతమంది ఒక్కసారిగా తనవైపు చూసి ఎన్నేళ్లయిందో. వీపు దానంతటదే నిటారైంది. పుల్లమ్మ చెప్పిన మాట నాలుక చివరికొచ్చింది. అప్పుడు మూల బల్ల వైపు చూశాడు. మాస్టారు తల వంచుకుని ఉన్నాడు. పచ్చబడ్డ వేళ్ల మధ్య సిగరెట్టు కాలుతోంది. ఆపమంటే ఈ మనిషి రేపు రాడు. సిగరెట్టు లేకుండా చర్చిలో ప్రార్థన అయ్యేదాకానే ఉండలేడు, మధ్యలో లేచి బయటికి పోయి వస్తాడు. ఈయన రాకపోతే ఆ బల్ల మూగబోతుంది. లోపలున్న పై స్థాయి కూడా పోతుంది.

"నాకేమీ ఇబ్బంది లేదండీ," అన్నాడు సుబ్బరాయుడు. నాటకంలో చెప్పినట్టు, పూర్తిగా, స్పష్టంగా. "కస్టమర్ల ఇష్టం ఎట్లా ఉంటే..."

మాట అక్కడ తెగింది. ఛాతీ అడుగున ఏదో కదిలింది. మింగబోయాడు, ఆగలేదు. ఒక దగ్గు, దాని మీద ఇంకొకటి. ట్రే జారి నేల మీద ఖంగున మోగింది. కుర్చీ వీపు పట్టుకుని ముందుకు వంగాడు. మొహం కందిపోయింది, రంగేసిన జుట్టు కళ్ల మీద పడింది. గాలి లోపలికి పోయేటప్పుడు కొలిమి తిత్తి చప్పుడు వచ్చింది. గుమాస్తా లేచి నీళ్లందించాడు. తాగలేకపోయాడు, నీళ్లు కోటు మీద ఒలికాయి. కృష్ణయ్య చేతిలోని సిగరెట్టును బల్ల కిందికి దించుకున్నాడు.

దగ్గు కాస్త తగ్గింది. ఫ్రాన్సిస్ మాస్టారు తన సిగరెట్టును యాష్‌ట్రేలో నలిపేశాడు.

"ఇంకేం అడుగుతావయ్యా వాణ్ణి? ఆపించెయ్."

"మీరే అంటే ఎట్లా మాస్టారూ? అందరికంటే ఎక్కువ కాల్చేది మీరేగా!" అన్నాడు కృష్ణయ్య.

"కాబట్టే నేనంటున్నా."

కృష్ణయ్య తన సిగరెట్టూ ఆర్పేశాడు. లేచి కండువా దులుపుకున్నాడు. పోతూ పోతూ సుబ్బరాయుడి భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

వీరేంద్ర ఏసీ ఆపించాడు. వంటమనిషిని పిలిచి కిటికీల మేకులు పీకించాడు. రెక్కలు బిగుసుకుపోయి ఉన్నాయి. భుజం పెట్టి నెడితే ఒక్కోటీ మూలుగుతూ తెరుచుకుంది. సాయంకాలపు ఎండ లోపలికి పడింది. ఆ వెలుతురులో గోడల మరకలు, కుర్చీల చిరుగులు, మూలల్లో బూజు, అన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. లారీల మోత, ఎక్కడిదో మిరపకాయల ఘాటు కలిసి వచ్చాయి. చివరి పొగ కిటికీ దాకా సాగి, చువ్వల దగ్గర కాసేపు తచ్చాడి, పోయింది.

కస్టమర్లు ఒక్కొక్కరే లేచారు. మాస్టారు మిగిలాడు. అలవాటు కొద్దీ పెట్టెలోంచి కొత్త సిగరెట్టు తీసి పెదవుల మధ్య పెట్టుకున్నాడు. అగ్గిపెట్టె కోసం జేబు తడుముకుంటూ ఆగాడు. సిగరెట్టు తీసి బల్ల మీద పెట్టాడు.

సుబ్బరాయుడు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "వరండాలో కుర్చీ వేయిస్తాను మాస్టారూ. పరదా కట్టిస్తా, ఎండ తగలదు. అన్నీ అక్కడికే తెచ్చిస్తా."

"నువ్వు లోపల, నేను బయట. ఎవరికి వాయించనురా?"

సుబ్బరాయుడు బల్లను గుడ్డతో తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

"ఇబ్బంది లేదని అబద్ధం ఎందుకు చెప్పావు?" అన్నాడు మాస్టారు.

"మీరు రారని."

మాస్టారు కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తిరిగి పెట్టుకుని బల్ల అంచు మీద రెండు చేతులూ పరిచాడు.

"పాడు."

"గొంతెక్కడుంది మాస్టారూ?"

"ఉన్నంతవరకే పాడు. ఇన్నాళ్లూ లోపల పాడావుగా. ఇవాళ పొగ లేదు, బయటికే పాడు."

వేళ్లు కదిలాయి. సుబ్బరాయుడు గుర్తుపట్టాడు. రాజ్యం పోగొట్టుకుని అడవికి బయల్దేరిన రాజు పొలిమేరలో ఆగి, తన పట్టణాన్ని చివరిసారి తిరిగి చూసుకుని చెప్పే పద్యం. గుడ్డ భుజాన వేసుకున్నాడు. కిటికీ వైపు తిరిగి, అందినంత గాలి తీసుకున్నాడు. ఎత్తుకున్నాడు.

గొంతు గరుగ్గా వచ్చింది, తుప్పు పట్టిన గొలుసు బావిలోంచి లాగుతున్నట్టు. అయినా మాట మాటా తెలిసింది. వంటింటి గుమ్మంలో వంటమనిషి గరిటెతో నిలబడిపోయాడు. వీరేంద్ర ఫోను మాట్లాడుతున్నవాడల్లా దాన్ని చెవి దగ్గర్నుంచి దించాడు. మూడో పాదం దాటింది. నాలుగో పాదం చివర రాగం అందుకోవాలి. అందుకున్నాడు. ఒక మెట్టు, ఇంకో మెట్టు. ఆపై మెట్టు మీద గొంతు ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది. చెయ్యి గాలిలో ఎత్తే ఉంది. గాలి లేదు.

మాస్టారి వేళ్లు ఆగలేదు. అతను ఎక్కలేని చోటికి అవి ఎక్కాయి. బల్ల మీద చప్పుడు తప్ప ఇంకేమీ లేకపోయినా, సుబ్బరాయుడికి ప్రతి స్వరమూ వినిపించింది, మామిడి తోట ఈ కొస నుంచి ఆ కొస దాకా. పైదాకా పోయి, అక్కడ కాసేపు నిలిచి, వేళ్లు మెల్లగా దిగసాగాయి. కిందికి రాగానే అతను మళ్లీ గొంతు కలిపాడు. ఇద్దరూ కలిసి పద్యం ముగించారు.

వంటమనిషి చప్పట్లు కొట్టబోయి, వాళ్ల మొహాలు చూసి మానుకున్నాడు.

"శ్రుతి తప్పలేదురా," అన్నాడు మాస్టారు. "ఎక్కలేదంతే."

గోడ పట్టుకుని లేచాడు. సుబ్బరాయుడు చెయ్యి అందించి మెట్ల దాకా తీసుకెళ్లి ఆటో ఎక్కించాడు. ఆటో మలుపు తిరిగి లారీల మధ్యన కలిసిపోయింది. మాస్టారు మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. వానలు మొదలయ్యేవేళకు జి.కొండూరులో చెల్లెలింటికి వెళ్లి, అక్కడే ఒక మధ్యాహ్నం నిద్రలో పోయాడు. సుబ్బరాయుడికి కబురు చేరేసరికి సమాధి కూడా అయిపోయింది. అప్పటికి అతని దగ్గు సగానికి సగం తగ్గింది. రాత్రుళ్లు హాయిగా పడుకుంటున్నావు, మొహంలో కళ వచ్చింది అని పుల్లమ్మ సంబరపడుతుంది. అతను అవునవునంటాడు. రోజూ మధ్యాహ్నం భోజనాల రద్దీ అయ్యాక కాసేపు, ట్రే చంకలో పెట్టుకుని, మూల బల్ల పక్కన గోడకు ఆనుకుంటాడు. ఎంత చెవి పెట్టినా లోపల నుంచి పద్యం లేవదు.

ఆ సాయంత్రం అతనికి ఇవేవీ తెలియవు. ఆటోను సాగనంపి లోపలికి వచ్చి మూల బల్ల సర్దసాగాడు. గ్లాసు తీశాడు. సోడా సీసా, నిమ్మచెక్కల పళ్లెం తీశాడు. గుడ్డ తీసుకుని బల్ల తుడవబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మాస్టారి పెదవుల దాకా పోయి వచ్చిన సిగరెట్టు, ఒక కొస కాస్త తడిగా, ఇంకో కొస తెల్లగా, తెరిచిన కిటికీ గాలికి బల్ల మీద అటొకసారి ఇటొకసారి మెల్లగా దొర్లుతోంది.